పక్కు కట్టిన పాట

1980వ సంవత్సరమున బ్రిటిష్ ప్రభుత్వము తన పౌరుల యుపయోగార్థము 50 పెన్నీల వెలకు ఒక చిన్న పుస్తకమును విక్రయమునకు పెట్టినది. 'ప్రొటెక్ట్ అండ్ సర్వైవ్', అనగా 'రక్షించుకొనుడు, బ్రతికి బయటపడుడు' అని దాని పేరు. అణ్వస్త్రము పడబోవుచున్నదని హెచ్చరిక వినవచ్చినపుడు గృహస్థుడు ఏమేమి చేయవలెనో అందు బొమ్మలతో సహా, వంటపుస్తకములో పులిహోర కలుపు విధమును చెప్పినంత నెమ్మదిగా చెప్పబడినది. ఇంటి తలుపులను బందులనుండి ఊడదీసి లోపలిగోడకు ఏటవాలుగా చేరవేసి, వానిపై మట్టి నింపిన సంచులను పేర్చి, ఆ నీడను కుటుంబమంతయు దూరవలెను. కిటికీ అద్దములకు తెల్లని రంగు పూసి ప్రచండమైన ఆ వేడిమిని వెనుకకు త్రిప్పవలెను. 14 దినములకు సరిపడు నీరును తిండియు దాచుకొనవలెను. ఈలోపల ఆశ్రయములోనున్నవారిలో ఎవరేని మరణించినచో, శవమును వేరొక గదిలోనికి జరిపి, చక్కగా చుట్టబెట్టి, గుర్తు తెలియుటకై పేరుచీటి కట్టవలెను.

మన పురాణకర్తలును ప్రళయమును వర్ణించిరి. కాని వారు ప్రళయజలములపై మర్రియాకు మీద పసిబాలుని పరుండబెట్టిరే గాని, ఊడదీసిన తలుపు చాటున గుమాస్తాను చీటీలతోడను దారముతోడను కూర్చుండబెట్టలేదు. ఆ పుస్తకములోని భయంకరత్వము బాంబులో లేదు, చెప్పిన స్వరములో ఉన్నది. సర్వనాశనమును గూర్చి ప్రభుత్వము అంత మృదువుగా మాటలాడగా వినిన తరములో, అప్పటికి పదునేడు పదునెనిమిదేండ్ల ప్రాయమున నుండిన కొందరు, దానికి బదులు మృదువైన స్వరమున చెప్పరాదని నిశ్చయించుకొనిరి. ఆ నిశ్చయమునుండి పుట్టిన రికార్డులలో ఒకదానిని గూర్చి ఇచట వ్రాయబూనితిని. దాని పేరు 'అరైజ్', అనగా 'లెమ్ము'. 1985లో వెలువడినది. దానిని చేసినవారు అమీబిక్స్ అను బృందమువారు. దానిని ఏ సంగీతజాతిలో చేర్పవలెనో నాడు ఎవ్వరికిని తెలియదు, ఏలయన ఆ జాతికి అప్పటికి నామకరణము జరుగలేదు. కొలదికాలమునకు వచ్చి చేరిన పేరు క్రస్ట్ పంక్.

పంక్ సంగీతము 1976, 77 సంవత్సరములలో సెక్స్ పిస్టల్స్ మొదలగు బృందములతో లండనులో గుప్పుమని మండి, ఎంత త్వరగా మండినదో అంత త్వరగా బట్టల దుకాణములలోనికి చేరినది. చిరిగిన చొక్కాను కొత్తగా కొనుక్కొనవచ్చునని తెలిసిన నాడే ఆ తిరుగుబాటులోని ముల్లు విరిగినది. ఈ వేషమును చూచి రోసి, మాటను నిజముగా పాటింపవలెనని పట్టుపట్టినవారు క్రాస్ అను బృందమువారు. ఎసెక్స్ ప్రాంతమున డయల్ హౌస్ అను పురాతనమైన పల్లెటింట సమష్టి జీవనము గడపుచు, 1977లో పెన్నీ రింబో, స్టీవ్ ఇగ్నొరెంట్ అను మారుపేర్లు గల ఇరువురు ప్రారంభించిన ఈ బృందము తమ రికార్డులను తామే ప్రచురించి, దుకాణదారుడు ఎక్కువ గుంజకుండునట్లు 'ఇంతకు మించి ఇయ్యవలదు' అని అట్టమీదనే వెల అచ్చువేసినది. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధము ముగిసిన పిదప, వేయిమంది మృతులకు తల్లివైతివి, ఎట్లున్నదని ప్రధానమంత్రి మార్గరెట్ థాచర్‌ను సూటిగా నిలదీయు పాటను వీరు వెలువరింపగా, దానిపై చర్య తీసికొనవలెనని పార్లమెంటు సభ్యుడొకడు పట్టుపట్టెను. మరుసటి యేడు థాచర్, అమెరికా అధ్యక్షుడు రేగన్‌ల ఉపన్యాసములనుండి ముక్కలు కత్తిరించి యతికి, వారిరువురును టెలిఫోనులో మాటలాడుకొనుచున్నట్లు ఒక టేపును కల్పించి వదలిరి; అది సోవియట్ గూఢచారుల పని కావచ్చునని అమెరికా విదేశాంగశాఖ అనుమానించినది. పల్లెటింట కత్తెరయు జిగురుటేపును పెట్టుకొని కూర్చున్న కుర్రవాండ్ర పనియని 1984లో పత్రికలవారు కనిపెట్టువరకు ఆ ఘనత మాస్కోకే దక్కినది.

వీరు తమను అనార్కిస్టులమని చెప్పికొనిరి. ఆ పదమును మనము 'అరాచకవాదులు' అని తెలిగించుచున్నాము గాని, ఆ మాట చెవిని బడినంతనే మన మనస్సునకు తోచునది దోపిడీయు గృహదహనమును. వారు కోరినది వేరు. పైనుండి దండము పట్టుకొని నిలుచువాడు లేకున్నను మనుష్యులు తమలో తాము ఒప్పందముతో బ్రతుకగలరని వారి నమ్మకము. రాజును శిక్షాస్మృతియు లేని కాలమొకటి కలదనియు, నాడు జనులు ధర్మబుద్ధితో ఒకరినొకరు కాచుకొనిరనియు శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు చెప్పినాడు. ఆ స్థితి నిలువలేదనియు, మోహము ప్రవేశించి రాజు అవసరమయ్యెననియు వెంటనే చేర్చినాడనుకొనుడు. ఇంగ్లండులోని ఈ యువకులు భీష్ముని మొదటి వాక్యముతోనే లేచి వచ్చినవారు.

క్రాస్‌వారి పాట యథార్థమునకు కరపత్రము. దానికి డోలు కట్టిరి, అంతే. కరపత్రమునకు నేటి విషయము కావలెను, నేటి శత్రువు కావలెను, వాదము స్పష్టముగా నుండవలెను. విషయము పాతబడినపుడు పాటయు పాతబడును. ఇందుకు భిన్నమైన దారిని తెరచినవారు కుండల పనికి పేరుపడిన స్టోక్-ఆన్-ట్రెంట్ పట్టణపు డిశ్చార్జ్ బృందమువారు. 1982లో వెలువడిన వారి రికార్డు పేరు 'హియర్ నథింగ్ సీ నథింగ్ సే నథింగ్'; గాంధీగారి మూడు కోతులను ఎరిగిన మనకు ఆ పేరులోని ఎత్తిపొడుపు వివరింప నక్కరలేదు. పదునాలుగు పాటలు, అరగంటలోపల సమాప్తి. పైని చెప్పిన ప్రభుత్వ పుస్తకమునకు ప్రతిగా ఈ. పీ. థాంప్సన్ అను ప్రసిద్ధ చరిత్రకారుడు 'ప్రొటెస్ట్ అండ్ సర్వైవ్', అనగా 'ప్రతిఘటించి బ్రతుకుడు' అను చిన్న గ్రంథమును వ్రాసియుండెను. డిశ్చార్జ్‌వారు ఆ పేరునే ఒక పాటకు పెట్టుకొనిరి. చరిత్రకారుడు పుటలకొలది సాధించిన వాదమును వారు నాలుగైదు పంక్తులకు కుదించిరి. వారి సాహిత్యము వాదింపదు, చూపును. కాలిన చర్మము, ఏడ్చు బిడ్డ, బూడిద. గిటారు ఒకే దిక్కునకు, క్రిందికి, విరామము లేక కొట్టబడును. డ్రమ్ములు కుంటుచు పరుగెత్తు గుర్రమువలె ఒక విచిత్రమైన లయను సాగించును. ఆ లయకే నేడు ప్రపంచమంతట డీ-బీట్ అని పేరు. అందలి 'డీ' డిశ్చార్జ్ అను నామమునకు మొదటి అక్షరము. తమ పేరులోని అక్షరము ఒక తాళమునకు పేరగుట ఎంతమంది విద్వాంసులకు లభించినది?

క్రాస్‌నుండి నడవడిని, డిశ్చార్జ్‌నుండి భీతిని గ్రహించి, ఆ రెంటికిని లేని మూడవ గుణమునొకదానిని అమీబిక్స్ చేర్చినది. ఆ గుణమేమో తెలియవలెనన్న వారు పుట్టిన చోటును తెలిసికొనవలెను.

ఇంగ్లండు నైరుతి మూలను డెవన్ అను సీమ కలదు. అందులో డార్ట్‌మోర్ అను విశాలమైన బీడు. చెట్టు తక్కువ, గాలి యెక్కువ; గుట్టల నెత్తిని గ్రానైటు బండలు ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచియుండును; ఆదిమ మానవులు పాతిన శిలావృత్తములు మంచులో కనబడుచు మాయమగుచు నుండును; నడుమ నెపోలియన్ యుద్ధముల ఖైదీలకొరకు కట్టిన నల్లని చెరసాల. ఆ బీడునకు పడమటి యంచున టావిస్టాక్ అను చిన్న పట్టణమున 1978లో రాబ్ మిల్లర్, అతని సోదరుడు స్టిగ్ అను నిరువురు ఒక బృందము కట్టిరి. మొదట దానికి పేరును లేదు. వారు పంపిన ముడిరికార్డు పాటనొకదానిని క్రాస్‌వారు 1980లో ఔత్సాహికుల పాటలతో కూర్చిన యొక సంకలనములో చేర్చిరి. ఆ సంకలనము పేరును తెలిగించుటకు కలము సంకోచించుచున్నది, అబద్ధములను పసిగట్టు యంత్రమని మర్యాదగా గ్రహింపుడు. పిదప సోదరులు బ్రిస్టల్ నగరమునకు చేరిరి.

బానిసల వ్యాపారముతో ధనము కూడబెట్టిన రేవుపట్టణమది. 1980 ఏప్రిల్‌లో సెయింట్ పాల్స్ అను నల్లజాతివారి పేటలో పోలీసుల సోదాపై అల్లరి చెలరేగి, పోలీసులు కొన్ని గంటలపాటు పేటను విడిచిపోవలసి వచ్చిన నగరమది. 1982 ప్రారంభమునకు బ్రిటనులో నిరుద్యోగుల సంఖ్య ముప్పది లక్షలు దాటినది. పని లేనివారు వీథులలోను, మనుష్యులు లేని ఇండ్లు వీథికిరువైపులను ఉన్నప్పుడు, ఈ రెండును కలియకుండునా? తాళము వేసిన ఖాళీ ఇంటిలో ప్రవేశించి కాపురముండుటను స్క్వాటింగ్ అందురు. నాటి ఆంగ్లన్యాయము ప్రకారము ఇది నేరము కాదు, సివిలు తగవు మాత్రమే. ఇంటి యజమాని కోర్టుకు పోయి హక్కు నిరూపించుకొని ఉత్తరువు తెచ్చుకొనవలెను. పైగా 1977నాటి చట్టములోని ఆరవ విభాగము, లోపల మనిషి యుండి అడ్డుచెప్పుచుండగా తలుపు పగులగొట్టుటనే నేరముగా నెంచినది. అందుచేత ఆ విభాగమును ఉదహరించుచు ఒక కాగితమును తలుపునకు అంటించుకొని, లోపల ఎల్లవేళలను ఒకరు కాపలాయుండి, కొన్ని నెలలు కొన్ని సంవత్సరములు వేలాదిమంది బ్రతికిరి. అమీబిక్స్ బ్రిస్టల్ జీవితమంతయు ఇట్టి ఇండ్లలోనిదే. కరెంటు ఉన్ననాడు ఉండును, లేనినాడు లేదు; పొయ్యిలోనికి కిటికీచట్రములే కట్టెలు; చలి, ఆకలి, మత్తుపదార్థములు, మిత్రుల చావులు. నేనిక్కడ దారిద్ర్యమునకు పూలదండ వేయబోను. వారుకూడ వేయలేదు. అయితే అద్దె కట్టనక్కరలేని గది, ఉదయముననే పోవలసిన ఉద్యోగము లేని దినము, ఈ రెండును లేనిచో ఆ సంగీతము పుట్టియుండదని మాత్రము చెప్పక తప్పదు.

1982నుండి 84 వరకు వెలువడిన మూడు చిన్న రికార్డులలో వారు తమ గొంతును వెదకుకొనిరి. పెద్ద రికార్డునకు తావిచ్చినది సముద్రము ఆవలివారు: సాన్ ఫ్రాన్సిస్కోలో డెడ్ కెన్నెడీస్ గాయకుడు జెలో బయాఫ్రా నడపుచుండిన ఆల్టర్నేటివ్ టెంటకిల్స్ అను ప్రచురణసంస్థ. రాబ్ మిల్లర్ గాత్రము, బేస్ గిటారు, స్టిగ్ గిటారు, స్పైడర్ అను పేరుతో పిలువబడిన వాని డ్రమ్ములు, వీనికి తోడుగా పంక్ బృందములలో అపురూపమైన కీబోర్డు.

సూదిని రికార్డు మీద దింపినంతనే ఎవడో అరచునని యెదురుచూచు శ్రోత ఆశాభంగము పొందును. మొదటిది 'ది మోర్'. అనగా ఆ బీడు. మాటలు లేవు. చీకటిలో దూరమునుండి వచ్చు గాలివలె కీబోర్డు మూలుగుచుండును. ఆ మూలుగులోనుండి గిటారు నెమ్మదిగా, మంచులోనుండి బండ బయటపడినట్లు, రూపు కట్టును. పంక్ సంగీతమునకు నాందీప్రస్తావన యుండుట అంతకుముందు అరుదు. అది ముగియుటయే తడవుగా 'ఆక్స్‌మన్', అనగా గొడ్డలివాడు, మీదికి ఉరుకును. ఇచట బేస్ గిటారు మర్యాదగా వెనుక నిలిచి తాళము వేయదు, మోటర్‌హెడ్ బృందపు లెమ్మీ వాయించిన ఫక్కిలో రంపపుకోతవలె గరగరలాడుచు ముందు నడచును. డిశ్చార్జ్ పరుగెత్తిన చోట ఇది కదము త్రొక్కును. బ్లాక్ సబ్బత్ వారి బరువు, కిల్లింగ్ జోక్ వారి శీతలమైన పునరావృత్తి, పంక్‌లోని గరుకుదనము ఒక కాగులో కరగినవి. ఆ కాలమున పంక్ కుర్రవాండ్రును హెవీ మెటల్ కుర్రవాండ్రును ఒకరినొకరు చూచిన వీథి మారుచుండిరి. కులాంతరవివాహము చేసికొన్న దంపతులకు వచ్చు చిక్కులన్నియు ఈ రికార్డునకు రెండు పక్షములనుండియు వచ్చినవి.

రాజకీయమెక్కడ నున్నదని పాఠకుడు అడుగవచ్చును. థాచర్ పేరు పాటల శీర్షికలలో లేదు. బొగ్గుగనికార్మికుల సమ్మె ఒక సంవత్సరము సాగి, ఓడి, 1985 మార్చిలోనే ముగిసినది. దాని పేరును లేదు. అదే సంవత్సరము జూన్ 1న స్టోన్‌హెంజ్ ఉత్సవమునకు పాతబస్సులలో పోవుచుండిన సంచారజీవులను విల్ట్‌షయరులో సుమారు 1300 మంది పోలీసులు అడ్డగించి, బీన్‌ఫీల్డ్ అను చిక్కుడు పొలములో వాహనముల అద్దములు పగులగొట్టి, 500కు పైగా జనమును నిర్బంధించిరి; ఆ ఊసును లేదు. క్రాస్‌వారైనచో ఈ మూడింటికిని మూడు పాటలు కట్టియుందురు. అయినను ఆ సంవత్సరపు వాసన ఈ రికార్డులో ఏ కరపత్రములోను లేనంత గాఢముగా నున్నది.

'లార్గాక్టిల్' అను పాటను తీసికొందము. ఆ పేరు ఒక మందుది. క్లోర్‌ప్రోమజైన్ అను ఔషధమునకు బ్రిటనులో అంగడిపేరు అది. మనస్సు కలతపడినవారికి నిజముగా మేలు చేసిన మందే. అయితే చికిత్సాలయములలోను చెరసాలలలోను గొడవచేయువానిని కదలకుండ పడవేయుటకుకూడ దానిని వాడుచుండిరను అపవాదు వలన, జనులు దానికి ద్రవరూపపు లాఠీ యని మారుపేరు పెట్టిరి. లాఠీ పట్టినవాడు కనబడును, సూది పట్టినవాడు ఉపకారివలె కనబడును. ఆ తెల్లకోటు మృదుత్వమును, మొదట చెప్పిన ప్రభుత్వ పుస్తకములోని మృదుత్వమును ఒకే జాతివి. పాట వేగము ఆ మృదుత్వముపై ఉమిసిన ఉమ్మి. రికార్డులో నాకు మిక్కిలి నచ్చినది ఇదియే.

'ఫియర్ ఆఫ్ గాడ్' దైవభీతిని పాలనాసాధనముగా వాడుకొనువారిపై గురిపెట్టినది. 'డ్రింక్ అండ్ బి మెర్రీ' అను పేరు బైబిలులోని ప్రసిద్ధమైన మాటనుండి గ్రహించినది. తిని త్రాగి సుఖించుట రేపు లేదను నమ్మకముపై ఆధారపడియుండగా, గ్రీన్‌హామ్ కామన్ వైమానికస్థావరమునకు 1983 నవంబరులో అమెరికను క్రూయిజ్ క్షిపణులు దిగిన దేశమున ఆ రేపు లేకపోవుట ఉపమానము కాదు, దినపత్రికలోని వార్త. 'స్పాయిల్స్ ఆఫ్ విక్టరీ', 'స్లేవ్' అను శీర్షికలు తామే చెప్పుచున్నవి. వీనియందలి జనులు పేరులేనివారు. బానిస, సైనికుడు, గొడ్డలివాడు, అంధకారము, మేల్కొనువాడు. శత్రువునకు చిరునామా లేదు. అమీబిక్స్ చేర్చిన మూడవ గుణమని నేనన్నది ఇదియే: వారు కరపత్రమును విడిచి పురాణమును పట్టుకొనిరి. గనులు మూతపడినను, క్షిపణులు తరలిపోయినను, థాచర్ గతించినను ఈ పాటలు పాతబడకుండుటకు ఇదియే హేతువు. పురాణములో రాక్షసుడు చచ్చినను పాత్ర చావదు.

లోపములు చెప్పనిచో వ్యాసము స్తోత్రమగును. ధ్వనిముద్రణ మసకగా నున్నది. మాటలు సగము అర్థము కావు, సాహిత్యము చేతబట్టుకొని వినవలెను. ముగింపుపాట 'ది డార్కెస్ట్ అవర్' ఇంకను కొంచెము ముందుగా ముగిసినచో బాగుండెడిది. అయితే ఆ మసకయందే ఒక శోభ యున్నదని చెప్పువారును కలరు; వారితో నేను సగమే ఏకీభవింతును.

ఇట్టి కఠోరధ్వనిని మనుష్యులు వినుటెట్లు, విని ఆనందించుటెట్లు అను ప్రశ్న మనవారికి రావలసినది కాదు. బీభత్సమును భయానకమును రసములని అంగీకరించిన శాస్త్రము మనది. జుగుప్సను స్థాయీభావముగా లెక్కించినవాడు భరతుడు. హరిశ్చంద్ర నాటకమున కాటిసీను వచ్చునప్పటికి నిద్రపోవుచుండిన పిల్లలనుకూడ తట్టిలేపి చూపి, జాషువాగారి శ్మశానపద్యములకు 'వన్స్ మోర్' కొట్టిన ప్రేక్షకులకు, పుఱ్ఱెలతో నిండిన అట్టబొమ్మ కొత్తగా తోచదు. భేదమెక్కడనన, కాటిసీనులో బీభత్సము వైరాగ్యమునకు దారితీయును. క్రస్ట్ పంక్‌లో అది రౌద్రమునకు దారితీయును. రెండింటికిని బూడిద ఒక్కటే.

ఇక ఆ పేరు. క్రస్ట్ అనగా రొట్టె పైపెచ్చు, అడుగంటిన మాడు, మురికి అట్టకట్టుట, గాయముపైని పక్కు. న్యూకాసిల్ ప్రాంతపు హెల్‌బాస్టర్డ్ అను బృందము 1986లో వెలువరించిన 'రిప్పర్ క్రస్ట్' అను ముడిరికార్డునుండి ఈ మాట ప్రచారమునకు వచ్చెనని చెప్పుదురు. నారిచ్ నగరపు డీవియేటెడ్ ఇన్‌స్టింక్ట్ వారు తమ సంగీతమునకు 'స్టెంచ్‌కోర్', అనగా దుర్గంధసంగీతమని, తామే పేరు పెట్టుకొనిరి; ఎదుటివాడు తిట్టకముందే తిట్టును తామే నెత్తిన పెట్టుకొనుటలో కొంత రక్షణ యున్నది. వేషమును దానికి తగినదే: నల్లని బట్టలు, వానిపై బృందముల పేర్లు ముద్రించిన గుడ్డముక్కలు, ఆ ముక్కలను కుట్టుటకు పళ్లసందులు శుభ్రపరచుకొను మైనపుదారము, ఏలయన అది మామూలు దారముకంటె గట్టిది. పళ్లు తోముకొనరని వీరిని హేళన చేయువారు ఈ దారమును గమనించినట్లు లేదు. మాంసము ముట్టరు, పలువురు పాలుకూడ ముట్టరు. నక్కల వేటకు అడ్డుపడుటకై శనివారము నిద్ర మాని పొలములు పట్టి తిరిగిన వారును వీరిలో కలరు.

అట్లాంటిక్ ఆవల ఈ పక్కు మరియొక గాయముపై కట్టినది. న్యూయార్కు లోయర్ ఈస్ట్ సైడ్‌లో పాడుబడిన భవనములను యువకులు ఆక్రమించి బాగుచేసికొని నివసించుచుండగా, 1988 ఆగస్టులో టాంప్‌కిన్స్ స్క్వేర్ పార్కున రాత్రివేళ ప్రవేశనిషేధము విధింపబడుటయు, దానిపై జరిగిన నిరసనను పోలీసులు గుర్రములతోడను లాఠీలతోడను చెదరగొట్టుటయు జరిగినవి. ఆ పేటకు చెందిన నాసియా అను బృందము స్త్రీకంఠమును పురుషకంఠమును ఎదురెదురుగా నిలిపి 1990లో 'ఎక్స్‌టింక్షన్', అనగా జాతినాశము, అను రికార్డును చేసినది. మిన్నియాపొలిస్‌లోని ప్రొఫేన్ ఎగ్జిస్టెన్స్ అను సమష్టిసంస్థ దానిని ప్రచురించెను. ఇటు స్వీడనులోను జపానులోను డిశ్చార్జ్ తాళము పట్టుకొని వెలసిన బృందములకు లెక్కలేదు. అవి పలుమార్లు 'డిస్' అను ఉపసర్గతోనే నామకరణము చేసికొన్నవి: డిస్‌ఫియర్, డిస్‌ఛేంజ్, జపాను దేశపు కోచి పట్టణమునందలి డిస్‌క్లోజ్. ఆ కోచి మన కొచ్చి కాదు.

అమీబిక్స్ మాత్రము 1987లో 'మోనొలిత్' అను రెండవ రికార్డు చేసి విచ్ఛిన్నమైనది. రాబ్ మిల్లర్ స్కాట్లండునందలి స్కై ద్వీపమునకు పోయి కొలిమి పెట్టుకొని ఖడ్గములు చేయు కమ్మరి యయ్యెను. ఇది కథకొరకు నేను కల్పించినది కాదు. ఇనుమును కాల్చి, మడచి, కొట్టి, పదును పెట్టు ఆ వృత్తికి బేస్ గిటారు మంచి శిక్షణయే యనవచ్చును. 2008లో బృందము మరల కలిసినపుడు డ్రమ్ముల ముందు కూర్చున్నవాడు నాసియా రికార్డున వాయించిన రాయ్ మయోర్గా. 2011లో 'సోనిక్ మాస్' వెలువడినది. మరుసటి సంవత్సరము మరల విడిపోయిరి.

ఇచట ఒక చేదుసంగతి చెప్పవలసి యున్నది. మిల్లర్ పిమ్మట స్థాపించిన టావ్ క్రాస్ అను బృందపు కొత్త రికార్డు 2019లో రానుండగా, దాని అట్టలోపలి కృతజ్ఞతలలో, యూదుల మారణహోమమును నిరాకరించు పుస్తకము వ్రాసిన రచయిత యొకనికి ధన్యవాదములు చెప్పబడియున్నట్లు బయటపడినది. ప్రచురణసంస్థ రికార్డును విడుదల చేయుట మానుకొన్నది, తోటివాద్యకారులు తొలగిపోయిరి. అణువినాశమును నిలదీసిన గొంతు, జరిగిపోయిన వినాశమును లేదనువానికి నమస్కరించుట ఎట్లు సంభవించినదో ఊహించుట నా పని కాదు. అయితే పురాణమును మెచ్చుకొన్న నోటితోనే ఈ మాటయు చెప్పవలెను: కరపత్రమున ఎవరు శత్రువో, ఎవరు మిత్రుడో పేరుపెట్టి వ్రాసియుండును గనుక దారితప్పుట కష్టము, చిరునామా లేని అంధకారముపై కట్టిన పాటకు ఎవ్వరును తమకు తోచిన చిరునామా వ్రాసికొనవచ్చును, కట్టినవాడుకూడ. డయల్ హౌస్ క్రాస్‌వారి బోడిమాటలను నేను మునుపు కొంత తేలికగా చూచితిని; 2019 తరువాత వానిని తిరిగి విని, కొన్ని మార్కులు కలిపితిని.

అయినను 1985నాటి రికార్డు 1985నాటిదే. దాని రాజకీయము పదములలో ఎంత యున్నదో, చేసిన విధమునందు అంతకంటె ఎక్కువ యున్నది: ఎవరి అనుమతియు అడుగక, అద్దె కట్టక, ఇంటి తలుపునకు చట్టవిభాగము వ్రాసిన కాగితము అంటించుకొని, లోపల గిటారు శ్రుతి చేసికొనుట. ఆ విధము ఇంగ్లండులో 2012 సెప్టెంబరు 1న మూతబడినది. ఆ దినమునుండి నివాసగృహములను ఇట్లు ఆక్రమించి యుండుట క్రిమినల్ నేరము. అప్పుడు నిర్ణయించిన శిక్ష ఆరు నెలలవరకు కారాగారమో, 5000 పౌండ్లవరకు జరిమానాయో, రెండునో. రికార్డు నేడును దుకాణములలో దొరకుచున్నది.